బడిలో ‘మాటల అరుగు’ పెట్టడం ఎలా?

ఏటా సెప్టెంబరు రెండో వారం వచ్చేసరికి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. చంద్రగిరి నుంచో, పుత్తూరు నుంచో, పలమనేరు నుంచో ఒక ఉపాధ్యాయుడు అడుగుతారు: ‘‘సార్, ఇరవై ఒకటిన అంతర్జాతీయ శాంతి దినం, వెనువెంటనే గాంధీ జయంతి. బడిలో ఏదైనా చేయాలి. ఏం చేయమంటారు?’’ వ్యాసరచన పోటీ, కాగితపు పావురాలు, బ్యానరు పట్టుకుని బస్టాండు దాకా ఊరేగింపు అప్పటికే అనుకుని ఉంటారు. చేసుకోండి, తప్పు లేదు. అయితే అక్టోబరు 3న అదే బడిలో, అదే కొళాయి దగ్గర, పావురం బొమ్మకు మొదటి బహుమతి అందుకున్న పిల్లవాడే ఎవరి చొక్కానో పట్టుకుని ఉంటాడు. ఇరవై ఏళ్లకు పైగా సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి, ఆ చొక్కా చాలాసార్లు విడిపించాను.

అందుకే అడిగిన ప్రతివారికీ చెప్పేది ఇక్కడ రాసి పెడుతున్నాను. పిల్లలు తమ తగవును తామే కూర్చుని మాట్లాడుకునే ఒక చోటు బడిలో ఏర్పాటు చేయడం, దాన్ని ఏడాదంతా నడపడం, ఆ అనుభవం పట్టుకుని మండలం, జిల్లా, ఆపైవారిని కదిలించడం. దానికి మేం ‘మాటల అరుగు’ అని పేరు పెట్టుకున్నాం. ‘రచ్చబండ’ అనే పేరు మాత్రం వద్దు. రచ్చబండ దగ్గర పెద్దలు తీర్పు చెబుతారు, ఇక్కడ తీర్పు ఉండదు.

కావలసినవి

అందరికీ కనబడే, ఎవరికీ మాటలు వినబడని చోటు ఒకటి. వేపచెట్టు కింద అరుగు, వరండా చివర బెంచి ఏదైనా సరే. తలుపు వేసిన గది పనికిరాదు. బాధ్యత తీసుకునే ఉపాధ్యాయులు ఇద్దరు కావాలి, అందులో ఒకరు తప్పకుండా మహిళ. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి పన్నెండు మంది పిల్లలు. మధ్యాహ్న భోజనం తర్వాత అరగంట. నోటుపుస్తకాలు రెండు, ఒకటి పేర్లతో, ఒకటి పేర్లు లేకుండా. మొదటిదాన్ని దాచడానికి తాళం ఉన్న బీరువా. ఇంతకుమించి ఖర్చు లేదు. ఎవరైనా ‘శాంతి కిట్టు’ అమ్మడానికి వస్తే మర్యాదగా పంపేయండి.

1. రెండు వారాలు ఏమీ చేయకుండా చూడండి

బడి పటం ఒక కాగితం మీద గీసి, గొడవ జరిగిన చోటల్లా చుక్క పెట్టండి. పక్కన సమయం రాయండి. ఎవరు అన్నది వద్దు, ఎక్కడ, ఎప్పుడు, దేని గురించి అన్నవి చాలు.

మన ప్రాంతపు బడుల్లో చుక్కలు దాదాపు ఒకే చోట్ల పడతాయి. కొళాయి, భోజనం వరుస, క్రికెట్ ఆడే మూల, సాయంత్రం ఆర్టీసీ బస్సులో కిటికీ పక్క సీటు. తర్వాత కంటికి కనబడనివి: సినిమా హీరోల అభిమానం, రాత్రి ఫోనులో పెట్టిన స్టేటస్, తరగతిలో పెట్టిన మారుపేర్లు. చిత్తూరు వైపు ఇంకొకటి కూడా ఉంది. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, ఎదురింట్లో ఉర్దూ, కుప్పం వైపు కన్నడం. ఆరో తరగతిలో చేరిన పిల్లవాడి యాసను వెక్కిరించడంతో మొదలైన గొడవ తొమ్మిదో తరగతి దాకా సాగడం నేను చూశాను.

పటం పూర్తయ్యాక ఒకసారి నిదానంగా చూడండి. మేం పనిచేసిన ఒక బడిలో చుక్కలన్నీ కొళాయి దగ్గరే గుమిగూడాయి. ఆరు కొళాయిల్లో రెండే పనిచేస్తున్నాయని అప్పుడు గమనించాం. మిగతావి బాగుచేయించగానే అక్కడి గొడవలు చాలావరకు వాటంతట అవే ఆగిపోయాయి. అక్కడ కావలసింది కొళాయిలు బాగుచేసే మనిషి. అతను చేయగలిగిన పనికి పిల్లలకు నీతిపాఠం చెప్పి వారిని విసిగించవద్దు.

2. అనుమతి తీసుకోండి, కాగితం మీద

ప్రధానోపాధ్యాయుడు ‘సరే కానివ్వండి’ అని నోటిమాటగా అన్నది చాలదు. ఆయన బదిలీ అయిన రోజునే అరుగు కూడా బదిలీ అయిపోతుంది. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో పెట్టి తీర్మానం రాయించండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే కాబట్టి రేపు ఎవరైనా అభ్యంతరం చెబితే జవాబు చెప్పేది వాళ్లే.

వినతిపత్రంలో మూడు ఆధారాలు రాస్తే చాలు. రాజ్యాంగం 51ఎ అధికరణం సామరస్యాన్ని, సోదరభావాన్ని పెంపొందించడాన్నీ, హింసను విడనాడడాన్నీ పౌరుల ప్రాథమిక విధుల్లో చేర్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో భాగంగా ఎన్‌సీఈఆర్‌టీ శాంతి విద్యపై ప్రత్యేక పత్రమే తెచ్చింది. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 1999 సెప్టెంబరు 13న ఆమోదించిన శాంతి సంస్కృతి కార్యాచరణలో మొట్టమొదటి అంశం విద్య. దీనికి మించి సిద్ధాంతం రాస్తే చదివేవారు ఉండరు.

ఒక చిట్కా: ‘శాంతి ఉద్యమం’ అని రాస్తే కొందరికి రాజకీయం వాసన వస్తుంది. ‘పిల్లలకు తగవులు పరిష్కరించుకునే నైపుణ్యం’ అని రాయండి. పని ఒకటే, సంతకం త్వరగా పడుతుంది.

3. పిల్లలను ఎంచుకోండి

ఎక్కువ బడుల్లో పని చెడేది ఇక్కడే. మొదటి ర్యాంకు వాళ్లను, క్లాసు లీడర్లను, ఉపాధ్యాయుల పిల్లలను వరుసగా నిలబెట్టి ‘వీళ్లే మన శాంతిదూతలు’ అంటారు. మిగతా పిల్లల దృష్టిలో వాళ్లు సార్ల మనుషులు. ఎవరూ వాళ్ల దగ్గర నోరు విప్పరు.

ప్రతి తరగతిలో చీటీలు పంచి ఒకే ప్రశ్న అడగండి: ‘నీకు ఎవరితోనైనా గొడవ వస్తే ఈ తరగతిలో ఎవరితో చెప్పుకుంటావు?’ పేరు రాసి మడిచి ఇస్తారు. వచ్చిన పేర్లు చూసి మీరు ఆశ్చర్యపోతారు. వెనక బెంచీ పిల్ల, నెలకోసారి తానే కొట్లాటలో దూరే పిల్లవాడు అందులో ఉంటారు. తీసుకోండి. కొట్లాట లోపలి సంగతి తెలిసినవాడు మంచి మధ్యవర్తి అవుతాడు.

చివరి జాబితాలో అమ్మాయిలు సగం ఉన్నారా, సంక్షేమ హాస్టల్ పిల్లలు ఉన్నారా, దళితవాడ నుంచి, తండా నుంచి, ఉర్దూ మాట్లాడే వీధి నుంచి వచ్చేవారు ఉన్నారా చూడండి. లేకపోతే చీటీల్లో తర్వాతి పేర్లలోంచి చేర్చండి. పదో తరగతి వారిని వదిలేయండి, వాళ్లకు పరీక్షల గొడవే చాలు.

4. ఆరు శనివారాలు, గంట చొప్పున శిక్షణ

మొదటి రెండు వారాలు వినడం నేర్పండి. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఒకరు రెండు నిమిషాలు మాట్లాడతారు, రెండోవారు విన్నది తిరిగి చెబుతారు. సలహా ఇవ్వకూడదు, అడ్డు రాకూడదు. తేలిక అనుకుంటారు కానీ మీరే మీ సహోద్యోగితో ఒకసారి చేసి చూడండి.

మూడు, నాలుగు వారాలు వేషాలు. తిరుపతి గంగమ్మ జాతర చూసిన పిల్లలకు వేషం వేయడం ఎవరూ నేర్పనక్కరలేదు. ఒకనాడు బైరాగి, ఇంకోనాడు తోటి, మరోనాడు దొర. అదే పద్ధతిలో నిజంగా బడిలో జరిగిన గొడవను పేర్లు మార్చి ఆడించండి. సగంలో ఆపి వేషాలు తారుమారు చేయండి. కొట్టినవాడు దెబ్బతిన్నవాడి చోటుకు వస్తాడు. నవ్వులాటగా మొదలై, ఆ మార్పు దగ్గర ఒక్కసారిగా తరగతి నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దాన్ని ఉపన్యాసంతో నింపవద్దు.

అయిదో వారం, ‘కోరింది’ వేరు, ‘కావలసింది’ వేరు అని చెప్పాలి. దీనికి మన ఊళ్ల భారతాన్ని మించిన పాఠం లేదు. ధర్మరాజు గుడి దగ్గర పగలు హరికథ, రాత్రి నాటకం జరిగే ఆ పద్దెనిమిది రోజులూ పిల్లలకు కంఠతా వచ్చు. కృష్ణ రాయబారం నాటి రాత్రిని గుర్తు చేయండి. అర్ధరాజ్యం అడగవలసినవాళ్లు అయిదూళ్లకు దిగారు. ఎందుకు దిగగలిగారు? సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నవాడికి అసలు కావలసింది నేలేనా, ఇంకేదైనానా? పిల్లలనే చెప్పమనండి. ‘‘రాయబారం ఫలించలేదు కదా సార్, ఇక లాభమేమిటి?’’ అని ఒకరైనా అడుగుతారు. దబాయించి కూర్చోబెట్టవద్దు. దుర్యోధన వధ నాడు మైదానంలో ఎవరెవరు మిగిలారో లెక్క వేయమనండి చాలు.

ఆరో వారం, ఏది అరుగు మీదకు రాకూడదో చెప్పండి. అది కింద ఆరో మెట్టులో ఉంది, దాన్ని దాటేసి అరుగు తెరవవద్దు.

5. అరుగు నడిపే పద్ధతి

ఒక తగవుకు ఇద్దరు మధ్యవర్తులు కూర్చుంటారు. గొడవ పడిన వారిద్దరూ ఇష్టపడి వస్తేనే. కోపం దిగకముందే లాక్కురావద్దు, కనీసం ఒక పూట గడవనివ్వండి. మొదట మధ్యవర్తి ఈ మాటలు అంటారు: ‘‘మేం తప్పెవరిదో తేల్చం. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఆగాలి. తిట్టుకోకూడదు. ఎవరికైనా ప్రమాదం ఉందని తెలిస్తే తప్ప ఇక్కడి మాట బయటికి పోదు. సరేనా?’’ ఇద్దరూ సరే అంటేనే ముందుకు.

తర్వాత నాలుగు ప్రశ్నలు, ఇదే వరుసలో, ఇద్దరికీ:

ఏం జరిగింది?
అప్పుడు నీకేమనిపించింది?
ఇప్పుడు నీకు ఏం కావాలి?
దానికోసం నువ్వు ఏం చేయగలవు?

‘ఎందుకు చేశావు?’ అన్న ప్రశ్న నిషిద్ధం. అది అడగగానే పిల్లలు సాకులు వెతుక్కుంటారు. పెద్దలమూ అంతే.

ఒక్కొక్కరు చెప్పాక మధ్యవర్తి దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పి ‘నువ్వన్నది ఇదేనా?’ అని అడగాలి. పరిష్కారం వాళ్ల నోటి నుంచే రావాలి. మధ్యవర్తికి మంచి ఆలోచన తట్టినా నాలుక కరుచుకోవాలి.

ఒప్పందం రాసేటప్పుడు ‘ఇకపై స్నేహంగా ఉంటాం’ అని రాయనివ్వవద్దు. అలాంటి వాక్యం మర్నాటికే చెల్లదు. ఎవరు, ఏ పని, ఎప్పటి నుంచి అని ఉండాలి. ‘సోమవారం నుంచి బంతి ఎనిమిదో తరగతిది, బ్యాటు తొమ్మిదో తరగతిది, రోజూ కలిసి ఆడతాం. అవుటా కాదా అన్న తగువు వస్తే ఆ బంతి మళ్లీ వేస్తాం’ అన్నది ఒప్పందం. ఇద్దరి సంతకాలు. ఏడో రోజున మధ్యవర్తులు వెళ్లి నడుస్తోందా అని అడగాలి. ఈ ఏడో రోజు సంగతి తొంభై శాతం మంది మరచిపోతారని కోపంతో అంటున్నాను, లెక్కగట్టి కాదు.

బలవంతపు ‘సారీ’లు, చేతులు కలిపించడం, ప్రార్థన సమావేశంలో అందరి ముందూ ‘వీళ్లిద్దరూ రాజీపడ్డారు’ అని ప్రకటించడం, ఇవి మూడూ అరుగును చంపేస్తాయి. రాజీ కుదరకపోతే ‘ఇవాళ కుదరలేదు’ అని రాసి లేవండి. అదేమీ అవమానం కాదు.

6. అరుగు మీదకు రాకూడనివి

లైంగిక వేధింపు, కులం పేరుతో దూషణ, గాయమయ్యేలా కొట్టడం, ఆయుధం, బెదిరించి డబ్బు గుంజడం, ఒక్కరిని పదిమంది కలిసి ఏడిపించడం, ‘చచ్చిపోవాలనిపిస్తోంది’ అన్న మాట, పెద్దవాళ్లు పిల్లలపై చేసిన ఏ పనైనా. ఇవి తగవులు కావు, అన్యాయాలు. ఇందులో రాజీ లేదు. మధ్యవర్తి వెంటనే లేచి బాధ్యత గల ఉపాధ్యాయులకు చెప్పాలి, వాళ్లు ప్రధానోపాధ్యాయుడికి, అవసరమైతే పిల్లల సహాయ ఫోను 1098కి, పోలీసులకు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసి చెప్పకపోవడమే 2012 పోక్సో చట్టం కింద నేరం. కులదూషణకు 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది.

ఇది ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానంటే, నేనే ఒకసారి తప్పు చేశాను. భోజనం వరుసలో ఎనిమిదో తరగతి అమ్మాయిని ఇద్దరు పిల్లలు కులం పేరు పెట్టి, ‘వెనక నిలబడు’ అన్నారు. నేను ముగ్గురినీ అరుగు మీద కూర్చోబెట్టాను. ఆ ఇద్దరూ సారీ అన్నారు. ‘‘పోనీలేమ్మా, చిన్నపిల్లలు, సర్దుకుపో’’ అన్నాను. ఆమె తలూపింది. మూడు వారాల తర్వాత వంట చేసే ఆమె చెబితే తెలిసింది, ఆ అమ్మాయి ఆ రోజు నుంచి బడిలో అన్నమే తినడం లేదు. నా పుస్తకంలో మాత్రం ‘పరిష్కారమైంది’ అని ఉంది. ఆమె ఇంటికి వెళ్లి తల్లిదండ్రుల ముందు నా తప్పు ఒప్పుకున్నాను. ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుడు ఆ ఇద్దరి తల్లిదండ్రులనూ పిలిపించి, ఇది పిల్లల అల్లరి కాదనీ, చట్టం నేరమంటున్న పని అనీ చెప్పారు. భోజనం వరుస పిల్లల ఇష్టానికి వదలకుండా హాజరు పట్టీ ప్రకారం మార్చాం. ఆమె తిరిగి పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది.

‘సర్దుకుపో’ అన్న మాట మీ బడిలో ఎవరు, ఎవరితో అంటున్నారో గమనించండి. ఎప్పుడూ ఒకే వైపువారు సర్దుకుంటుంటే మీరు నడుపుతున్నది అరుగు కాదు.

7. బెత్తం సంగతి

చిన్న విషయంలా కనిపిస్తుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. అయినా కొన్ని బల్లల సొరుగుల్లో బెత్తం ఉంటుంది. అరుగు పక్క గదిలో దెబ్బల చప్పుడు వినిపిస్తే పిల్లలు దేన్ని నమ్ముతారో వేరే చెప్పాలా? అరుగు తెరిచే ముందే సిబ్బంది సమావేశంలో ఈ మాట తేల్చుకోండి.

8. ఫలితం సరిచూసుకోవడం

రెండో నోటుపుస్తకంలో పేర్లు లేని పట్టిక వేయండి: తేదీ, చోటు, దేని గురించి, పిల్లలే వచ్చారా లేక ఉపాధ్యాయులు పంపారా, రాజీ కుదిరిందా, ఏడో రోజుకు నిలిచిందా. నెలాఖరున కూడండి.

మొదటి రెండు నెలల్లో గొడవల సంఖ్య పెరుగుతుంది. కంగారు పడవద్దు. అంతకుముందు బడి వెనక జరిగినవి ఇప్పుడు పుస్తకంలోకి వస్తున్నాయి, అంతే. పుస్తకం ఖాళీగా ఉంటేనే అనుమానించాలి. నిజంగా చూడవలసిన గడులు రెండు: తామే వచ్చినవారి సంఖ్య పెరుగుతోందా, ఏడో రోజుకు నిలిచినవి పెరుగుతున్నాయా. మూడు నెలలకోసారి పేరు రాయని చీటీ మీద ‘బడిలో నీకు భయమేసే చోటు ఏది?’ అని అడిగి, మొదట గీసిన పటం పక్కన పెట్టి చూడండి.

9. బడి దాటి పైకి

ఒక బడిలో నడిచినంత మాత్రాన దేశానికి అలవాటు కాదు. ఏడాది పూర్తయ్యాక ఆ పట్టికతో ఒకే ఒక్క పేజీ విన్నపం తయారు చేయండి. ‘శాంతి విలువలను పెంపొందించాలి’ అని రాస్తే అధికారి ‘అవశ్యం’ అని ఫైలులో పెడతారు. చేయదగిన పని అడగండి.

మండల విద్యాశాఖాధికారిని: మండలంలో మరో మూడు బడుల ఉపాధ్యాయులు మా బడికి వచ్చి ఒక పూట చూసేందుకు అనుమతి. జిల్లా విద్యాశాఖాధికారిని: చిత్తూరు జిల్లాలో అయితే కార్వేటినగరంలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్)లో ఛాత్రోపాధ్యాయులకు రెండు రోజుల శిక్షణ. రేపటి ఉపాధ్యాయుడికి నేర్పితే ముప్పై ఏళ్లు ఉంటుంది. రాష్ట్ర స్థాయిలో: 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచీ లేని బడి అంటోంది కదా, అందులో ఒక్క రోజు దీనికి.

ఆ ఒక్క రోజుకు మంచి కార్యక్రమం కూడా చెబుతాను. దగ్గరి కోర్టు ప్రాంగణంలో లోక్ అదాలత్ జరిగే రోజున, మండల న్యాయసేవల కమిటీని ముందుగా అడిగి, పిల్లలను తీసుకెళ్లి చూపించండి. ఏళ్ల తరబడి నడిచిన గట్టు తగాదా ఒక పూటలో తెగడం, దాని మీద అప్పీలు లేకపోవడం పెద్దల ఉపన్యాసాల కన్నా బాగా ఎక్కుతుంది. కొన్ని తగవులను ఊరి స్థాయిలోనే మధ్యవర్తులతో తీర్చుకునే ఏర్పాటు 2023 మధ్యవర్తిత్వ చట్టంలోనూ ఉంది. ఉచిత న్యాయ సహాయం ఫోను 15100 అని గోడ మీద రాయించండి, తల్లిదండ్రులకు పనికొస్తుంది.

శాసనసభ్యుడినో పార్లమెంటు సభ్యుడినో కలిసే అవకాశం వస్తే ‘ఇది ఎక్కడైనా ఉందా?’ అని అడుగుతారు. ఉంది. సైన్యాన్ని 1948లో రద్దు చేసుకున్న కోస్టారికా 1997లో బడిలో శాంతి విద్యను హక్కుగా చట్టంలో రాసుకుంది. ఫిలిప్పీన్స్ 2006లో అధ్యక్షుడి ఉత్తర్వుతో బడుల్లోనూ ఉపాధ్యాయ శిక్షణలోనూ దాన్ని చేర్చింది. అర్ధశతాబ్దం అంతర్యుద్ధం చూసిన కొలంబియా 2014లో చట్టం చేసి శాంతిని పాఠంగా పెట్టింది. ఈ మూడు వాక్యాలూ విన్నపం వెనక పేజీలో రాసుకోండి, ముందు పేజీలో మీ బడి పట్టికే ఉండాలి. వెళ్లేటప్పుడు ఇద్దరు పిల్లలను, ఒక తల్లిని వెంట తీసుకెళ్లండి. మాట్లాడేది వాళ్లు. మీరు పక్కన నిలబడండి. ఫొటో అడిగితే ఇవ్వండి, కానీ తేదీ వేసిన స్వీకృతి సంతకం తీసుకున్నాకే.

10. మార్చిలో చేయవలసిన పని

తొమ్మిదో తరగతి మధ్యవర్తులు వచ్చే ఏడు పదిలోకి వెళ్తారు. ఫిబ్రవరిలోనే మళ్లీ చీటీలు వేసి కొత్తవారిని ఎంచుకోండి. మార్చిలో ఒక్కో పాతవాడి పక్కన ఒక్కో కొత్తవారు కూర్చుని చూడాలి. బడి మూసేలోగా పేర్లున్న మొదటి నోటుపుస్తకాన్ని మధ్యవర్తులందరి ముందూ చించి కాల్చేయండి. పట్టిక ఉన్న రెండోదాన్ని తీర్మానాల పుస్తకంతో కలిపి బీరువాలో పెట్టి, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కాగితం మీద రాసి, జూన్‌లో వచ్చే ప్రధానోపాధ్యాయుడికి కనబడేలా బల్ల మీద పెట్టండి.